జ్వరప్పెట్టె మీది తువ్వాళ్ళు

ముందు ఫొటో తీశారు. తర్వాతే పెద్దాయన్ని లేపారు.

ఈ మాట నేను తనిఖీ అధికారికి చెప్పాను, పోలీసులకు చెప్పాను, కాలేజీ గేటు ముందు నిలబడి చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీలో షెడ్డుల్లో పనిచేసేవాళ్ళున్నారు, పుస్తకాలు పట్టుకున్న పిల్లలున్నారు. ఇద్దరూ వినాలి. ఆ ఫొటోలో పుస్తకాల పిల్లలు ముందు నిలబడ్డారు, షెడ్డువాళ్ళం వెనక నిలబడ్డాం, మా అందరి వెనకా పెద్దాయన నేలమీద పడి ఉన్నాడు.

మాది పాత సీసాల షెడ్డు. జనం తాగి పారేసిన ప్లాస్టిక్ సీసాలు లారీల్లో మా దగ్గరికొస్తాయి. మేం నలభై మందిమి, ఎక్కువ ఆడవాళ్ళమే, బల్లల ముందు నిలబడి రంగుల వారీగా ఏరతాం, మూతలు పీకుతాం, కడుగుతాం. తెల్లవాటిని ప్రెస్సులో నొక్కి కట్టలు కడతారు. మిగతావాటిని పక్కనే ఉన్న మిషన్లో కరిగిస్తారు. పైన రేకులు. గోడకి రెండు ఫ్యాన్లు, తిరిగేది ఒకటి. ప్రెస్సు దగ్గర నిలబడే పెద్దాయనకి ఒక పక్క నుంచి మిషన్ సెగ, నెత్తిన రేకు సెగ. గేటు మీద మాత్రం పచ్చటి ఆకు బొమ్మ వేసి "భూమిని కాపాడుదాం" అని మనిషెత్తు అక్షరాలు రాయించారు. ఆ అక్షరాల కింద నుంచే పన్నెండేళ్ళుగా లోపలికి వెళుతున్నాను. నన్ను కాపాడదామని మాత్రం ఎవరూ అనుకున్న పాపాన పోలేదు.

ఆ రోజు పన్నెండు దాటాక కాలేజీ పిల్లలు బస్సు దిగారు. వాళ్ళు ఇంటింటికీ తిరిగి సీసాలు పోగుచేసి మా కంపెనీకి ఇస్తారు. ఎక్కువ తెచ్చిన కాలేజీకి కంపెనీ బహుమతి. ఈసారి యాభై మొక్కలూ, షెడ్డులో ఒక ఫొటోనూ. ఆ పిల్లల్లో నా కూతురూ ఉంది. డిగ్రీ రెండో ఏడు, సైన్సు. వాళ్ళ కాలేజీ పర్యావరణ సంఘంలో చేరిన దగ్గర్నుంచీ ఇంట్లో నన్ను కాల్చుకు తింటోంది. లైటు ఆపు, కుళాయి కట్టు, ప్లాస్టిక్ సంచి తేకు. "ప్లాస్టిక్ లేకపోతే మీ అమ్మకి కూడెక్కడిదే?" అని నేను, "అమ్మా, నువ్వు మాట్లాడకు" అని అది. చొక్కాకి పచ్చటి ఆకు బిళ్ళ పెట్టుకుని, చేతిలో మొక్క పట్టుకుని, "అమ్మా!" అని అందరి ముందూ చెయ్యి ఊపింది. మా వాళ్ళు నవ్వారు. ఆ క్షణం నుంచే దానికి మొక్కలమ్మ అని పేరు పడిపోయింది.

మా సూపర్‌వైజరు మెడలో ఎప్పుడూ ఈల ఉంటుంది. మేం ఈల సారు అంటాం. ఆయన మమ్మల్ని వరసలో నిలబెట్టాడు. కెమెరా పైకి లేచింది. అప్పుడే ప్రెస్సు చప్పుడు ఆగింది. పన్నెండేళ్ళుగా ఆ దబ్ దబ్ చెవిలో పడీ పడీ, అది వినపడటం మానేసింది. ఆగితేనే వినపడుతుంది. వెనక్కి తిరిగాను.

"కదలకండి! ఒక్క నిమిషం, ఫొటో!" అని ఈల ఊదాడు.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, కదల్లేదు. పన్నెండేళ్ళ అలవాటు. ఈల ఊదితే నా కాళ్ళు నా మాట వినవు. ఫొటో అయ్యాక పరిగెత్తాం. పెద్దాయన ఒళ్ళు పొయ్యి మీద పెనంలా ఉంది, చెమట చుక్క లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని మమ్మల్ని చూడటం లేదు. సీసాల లారీలో పడుకోబెట్టి తీసుకెళ్ళారు. దారిలోనే పోయాడు. ఆస్పత్రి కాగితం మీద గుండెపోటు అని రాయించారు. పిల్లలకి మేనేజరు నెమ్మదిగా చెప్పాడు, "తాగుడు అలవాటమ్మా, ఏం చేస్తాం." పెద్దాయన టీ కూడా ముట్టని మనిషి.

మర్నాడు ఉదయం ఈల సారు వేలు నా చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వు గట్టిగా ఉన్నావు. ప్రెస్సు నువ్వు చూడు."

నా చెల్లెలు నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. అమ్మ పోయాక నేనే పెంచాను. మా ఇంట్లో నేనూ, అదీ, నా కూతురూ, ముగ్గురమే. షెడ్డులో చేరి నాలుగు నెలలు. కొత్తవాళ్ళు కాదంటే గేటు బయటే. "సరే సారూ" అని వెళ్ళి పెద్దాయన నిలబడిన చోట నిలబడింది. ఎండలు ఇంకా ముదరలేదు. అసలు ఎండలకి ఇంకా నెలన్నర ఉంది. ఈలోగా మధ్యాహ్నం పని ఆగిందా, నా చెల్లెలు ఉంటుంది. ఆగలేదా, ఇంకో లారీ.

"అమ్మా, ప్రభుత్వ ఉత్తర్వు ఉంది తెలుసా?" అంది నా కూతురు ఆ సాయంత్రం. బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి, దానికేసే చూస్తోంది. "లోపల నలభై డిగ్రీలు దాటితే పన్నెండు నుంచి నాలుగు దాకా పని ఆపాలి. ప్రతి షెడ్డులోనూ థర్మామీటరు పెట్టాలి."

"తెలుసు. గోడకి అంటించారు. జ్వరప్పెట్టె కూడా పెట్టారు. అది ఏనాడూ ముప్పై ఎనిమిది దాటి ఎరగదు."

"ముప్పై ఎనిమిదా! ఫొటో దగ్గర పావుగంట నిలబడితేనే నాకు కళ్ళు తిరిగాయి."

"నువ్వు నీడపట్టున పెరిగినదానివి. మాకు అలవాటు."

"పెద్దాయనకి అలవాటు లేదా?"

కోపమంతా అన్నం గిన్నె మీద చూపించాను.

జ్వరప్పెట్టె అంటే ఏమిటో చెబుతాను, ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. తెల్ల రంగు వేసిన చెక్కపెట్టె, గాలి ఆడేట్టు చుట్టూ పట్టీలు, ముందు అద్దం, లోపల థర్మామీటరు. నీళ్ళ కుళాయి పక్కనున్న స్తంభానికి బిగించారు. సరిగ్గా పన్నెండు గంటలకి ఈల సారు వచ్చి అందులో చూసి పలక మీద అంకె రాస్తాడు. మాకు అది ఇంకొకందుకు పనికొచ్చేది. పదకొండుకి నీళ్ళకి వదిలినప్పుడు ముఖాలు కడుక్కుని, తువ్వాళ్ళు తడిపి, దాని మీద వేలాడదీసేవాళ్ళం. తడిబట్టతో మిషన్ల దగ్గరికి రానివ్వరు, కరెంటు కొడుతుందంటారు. షెడ్డు మొత్తంలో ఆ స్తంభం దగ్గరే కాస్త నీడ. పన్నెండున్నరకి అన్నానికి వెళ్ళేటప్పుడు చల్లటి తువ్వాలు మెడకి చుట్టుకుంటే, నా సామిరంగా, పోయిన ప్రాణం లేచొచ్చేది. పెట్టెకి ఆ మేకులు కొట్టింది నేనే. ఇటు ఆరు, అటు ఆరు. అందరూ మెచ్చుకున్నారు.

వారం సెలవు రోజు ఉదయం నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని నిలబడ్డాం. నా కూతురు అయిదుగురు పిల్లల్ని వెంటేసుకొచ్చింది. వాళ్ళలో కళ్ళద్దాల కుర్రాడొకడు, సంఘానికి నాయకుడు. పుస్తకంలో చదివినట్టు మాట్లాడతాడు.

"మేం మీకోసం పోరాడటానికి వచ్చాం" అన్నాడు.

"ఎందుకు నాయనా, నీ ఆరోగ్యం బాగానే ఉందిగా" అంది వెనకనుంచి ఎవరో. వరసంతా నవ్వింది.

నా చెల్లెలు నవ్వలేదు. "బాబూ, నిన్న నేను కట్టిన కట్టల్లో సగం మీ కాలేజీ సీసాలే. సంచుల మీద మీ కాలేజీ పేరుంది. భూమి కోసం పోగుచేశారు, బాగుంది. అవి ఎవరి చేతిలోకి వస్తాయో ఒక్కసారైనా అడిగారా?"

కుర్రాడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అడగలేదండీ" అన్నాడు. "మంచుకొండలు కరుగుతున్నాయని పోస్టర్లు వేశాం. మా ఊరి రేకుల కింద మనుషులు పడిపోతున్నారని మాకు తెలీదు."

ఆ మాటతో వాడు నాకు నచ్చాడు.

"అవన్నీ సరే, షెడ్డు మూసేస్తే మా పిల్లలకి మీ పోస్టర్లు పెట్టమంటారా?" అని కడిగే తొట్టి దగ్గర పనిచేసే ఆవిడ ఒంటికాలి మీద లేచింది.

"మూయమనటం లేదత్తా" అంది నా కూతురు. "నాలుగు గంటలు ఆపమంటున్నాం. ఉత్తర్వులో కూలీ కోయకూడదని కూడా ఉంది. ఏటికేడు వేడి పెరుగుతోంది. పోయినేడు పదకొండు రోజులు మాడిపోయాం, ఈ ఏడు ఇరవై ఉంటాయంటున్నారు. నాకు నీ వయసొచ్చేసరికి ఎన్నుంటాయో? ఇప్పుడు ఆపటం నేర్చుకోకపోతే ఎప్పుడు నేర్చుకుంటాం?"

ఈ గొడవ చెయ్యొద్దని ప్రిన్సిపాలు ముందే చెప్పాడట, కాలేజీకి కొత్త లైబ్రరీ కట్టించేది మా కంపెనీయేనట. పద్దెనిమిది మంది సంఘంలో ఆరుగురే వచ్చారు. ఆ ఆరుగురూ చేతి ఖర్చులు పోగేసి ఆరు థర్మామీటర్లు కొన్నారు. ఒకటి నా బల్ల కింద కట్టాను. ఒకటి ప్రెస్సు వెనక చెల్లెలు కట్టింది. వారం రోజులు దొంగతనంగా చూసి, అంకెలు గుర్తుపెట్టుకుని సాయంత్రం పిల్లలకి చెప్పాం. నాకు అక్షరాలు రావు గాని అంకెలు వచ్చు. నా బల్ల దగ్గర నలభై నాలుగు. ప్రెస్సు దగ్గర నలభై ఆరు.

పిల్లలు అర్జీ రాశారు. మేం ముప్పై ఒక్కమంది వేలిముద్రలూ సంతకాలూ పెట్టాం. తనిఖీ అధికారి వచ్చాడు.

సరిగ్గా పన్నెండు కొట్టేసరికి వచ్చాడు. మేనేజరూ ఈల సారూ చెరో పక్కన నడుస్తున్నారు. ఫిర్యాదుదారు అని నా కూతుర్ని కూడా లోపలికి రానిచ్చారు. నేరుగా జ్వరప్పెట్టె దగ్గరికెళ్ళాడు. మా తువ్వాళ్ళని వేలితో పక్కకి జరిపి అద్దంలోకి వంగి చూశాడు.

"ముప్పై ఏడు."

"సార్, ప్రెస్సు దగ్గర నలభై ఆరుంది. ఇదిగో" అంది నా కూతురు.

"ఇదెక్కడిది?"

"బజార్లో కొన్నాం."

"ప్రభుత్వ ముద్ర ఉన్నది ఈ పెట్టెకి. నీ బొమ్మకి కాదు. మిషన్‌కి ఆనించి పెడితే నలభై ఆరేం ఖర్మ, అరవై చూపిస్తుంది."

"ఆనించలేదు సార్..."

"చూడమ్మా" అన్నాడు మేనేజరు, తేనె పూసిన గొంతుతో. "పర్యావరణం మీద మీ శ్రద్ధ మాకు సంతోషం. మొన్న నాటిన మొక్కలకి నీళ్ళు పోసే మనిషి లేడు. ఆ పని చూడండి."

ఆ మొక్కలు యాభైకి యాభై అప్పటికే ఎండి పుల్లలయ్యాయి. నా కూతురు ఏడుస్తుందేమో అనుకున్నాను. పెట్టెకేసి గుచ్చి గుచ్చి చూసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వారంలో అన్నీ వరసగా వచ్చిపడ్డాయి. కాలేజీ నుంచి దానికి నోటీసు వచ్చింది. అర్జీ మీద ముందు వేలిముద్ర వేసిన ఇద్దరిని గేటు దగ్గరే ఆపేశారు. చెల్లెలికి ప్రెస్సు దగ్గర ఇంకో రెండు గంటలు పెంచారు. ఎండ పెరిగింది. మధ్యాహ్నం రేకుల మీద కాకి వాలడం లేదు. చెల్లెలు ఇంటికొచ్చి గోడకి ఆనుకునేది. ఒకరోజు వాంతి చేసుకుంది. దాని చెయ్యి పట్టుకుని చూశాను. కాలుతోంది. చెమట పట్టటం లేదు.

నేను నా కూతురి మీద పడ్డాను. "నీ చదువు మా ప్రాణం మీదికి తెచ్చిందే! ఎవరడిగారు నిన్ను? మొక్కలు పట్టుకుని ఫొటో దిగి ఊరుకోక!" ఇంకా చాలా అన్నాను, అవి చెప్పను. నా చేతిలో ఉన్న గరిటె కూడా విసిరాను. అది తగల్లేదు, మాటలు తగిలాయి.

అది గరిటె తీసి గిన్నెలో పెట్టింది. "అమ్మా, నా దాంట్లో నలభై ఆరు. ఆ పెట్టెలో ముప్పై ఏడు. పెట్టె పాడైందా అంటే ముద్ర కొత్తది. రెండూ నిజమే ఎట్లా అవుతాయి?" అంది. ఆ మొండితనం ఎక్కడిదో నాకు తెలుసు.

మళ్ళీ సెలవు రోజు. మళ్ళీ ట్యాంకరు వరస, ఈసారి మిట్టమధ్యాహ్నం. షెడ్డు కాపలా తాత కూడా రెండు బిందెలు పట్టుకుని నిలబడ్డాడు. ముసలాయనకి సణుగుడు జబ్బు.

"మీకేం తల్లీ, మీరు పనిచేసే రోజుల్లో చల్లగానే ఉంటుంది. సెలవు రోజు లోపల ఒక్కణ్ణీ పడుంటా చూడు, చచ్చిపోతున్నా. పోయిన సెలవు మధ్యాహ్నం ఆ జ్వరప్పెట్టె నలభై ఒకటి చూపించింది. బయటికొచ్చి చెట్టు కింద కూచున్నా."

నా కూతురు చేతిలో బిందె కింద పెట్టేసింది. "తాతా, ఇంకోసారి చెప్పు. సెలవు రోజు ఎంత?"

"నలభై ఒకటి. నాకు చత్వారం ఉంది గాని మరీ గుడ్డివాణ్ణి కాదు."

"సెలవు రోజు మిషన్లు నడవవు. సెగ లేదు. అయినా నలభై ఒకటి. మిషన్లన్నీ నడిచే రోజు ముప్పై ఏడు." అది నా భుజాలు పట్టుకుంది. "అమ్మా, సెలవు రోజు లేనిది, పనిరోజు ఉండేది ఏముంది అక్కడ?"

"ఏముంటుంది, మేముంటాం" అని నవ్వాను. "మేమూ, మా తువ్వాళ్ళూ."

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందో లేదో, వరసంతా తిరిగి నా భుజం మీది తువ్వాలు చూసింది.

అది తన సంచిలోంచి థర్మామీటరు తీసింది. నీడలో పట్టుకుంటే నలభై చూపించింది. నా భుజం మీది తువ్వాలు లాగి, బిందెలో ముంచి, దానికి చుట్టి, డబ్బా మూతతో విసరడం మొదలుపెట్టింది. మేమంతా తలలు చేర్చి చూశాం. ఎర్ర గీత దిగడం మొదలైంది. ముప్పై ఎనిమిది. ముప్పై ఆరు. ముప్పై మూడు దగ్గర ఆగింది.

"తడి ఆరుతుంటే వేడిని లాగేస్తుంది" అంది. "ఆ పెట్టె కొలిచింది షెడ్డుని కాదు. మీ తువ్వాళ్ళని."

మేకులు కొట్టింది నేను. ఇటు ఆరు, అటు ఆరు. ఆ అధికారి మా తువ్వాళ్ళు పక్కకి జరిపి ముప్పై ఏడు అన్నప్పుడు, అందులో అన్నిటికంటే పైన ఉన్నది నాది. పెద్దాయన పోయిన రోజు కూడా పదకొండుకి నా తువ్వాలు తడిపి దాని మీద వేశాను. మెడకి చల్లగా ఉండాలని నేను వేసిన గుడ్డ ఆయన్ని ప్రెస్సు దగ్గర నిలబెట్టింది. నా రొమ్ము మీద నేనే కొట్టుకున్నాను.

చెల్లెలు నా చెయ్యి పట్టి ఆపింది. "అక్కా, ఆగు. నువ్వు మేకులు కొట్టావు, సరే. పోయినేడు అవతలి గోడకి తువ్వాళ్ళ కోసం మీరు తాడు కట్టుకుంటే దాన్ని తెంపింది ఎవరో మీరే కదా నాకు చెప్పారు?"

ఈల సారు.

"కుళాయి మొదట ఎక్కడుండేది?"

కడిగే తొట్టి దగ్గర ఉండేది. పెట్టె బిగించిన వారానికే దాన్ని స్తంభం పక్కకి మార్పించారు. ఆ తర్వాత కంపెనీ మా నలభై మందికీ ఒక్కో మందపాటి తువ్వాలు పంచింది, మూల పచ్చటి ఆకు కుట్టి. మేం చప్పట్లు కొట్టాం. అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొస్తుంటే నా ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"అధికారికి చెబుదాం" అన్నాడు కళ్ళద్దాల కుర్రాడు.

"ఆయన చేత్తో జరిపి మరీ చూశాడు బాబూ. ఆయనకి తెలీదంటావా?" అంది కడిగే తొట్టి ఆవిడ.

"అయితే పెట్టె పగలగొడదాం!"

"ఏమీ పగలగొట్టొద్దు" అంది నా కూతురు. "పగలగొడితే వాళ్ళకి పండగ. ప్రభుత్వ ముద్ర ఉన్న పెట్టె అది. దాని చేతే నిజం చెప్పిద్దాం. మనం చెయ్యాల్సింది ఏమీ లేదు. రేపు తువ్వాలు ఆరేయొద్దు. అంతే."

"ఒక్కళ్ళు మర్చిపోయి ఆరేసినా చెడుతుంది" అన్నాను.

అందుకని ఇల్లిల్లూ తిరిగాం. పనికి రావద్దని కాదు, రాయి వెయ్యమని కాదు. రోజూ చేసే పని ఒకటి మానమని చెప్పటానికి అందరి గుమ్మాలూ ఎక్కాం. ఇంత చిన్న సంగతికి ఇంత భయం వేస్తుందని నాకు తెలీదు. కొందరు తలుపు తియ్యలేదు.

మర్నాడు పదకొండుకి నీళ్ళకి వదిలారు. తువ్వాళ్ళు తడిపాం. అలవాటు చొప్పున నా చెయ్యి పెట్టె మీదికి పోయింది. చెల్లెలు దగ్గింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కుళాయి కింద బకెట్టు పెట్టి అందరి తువ్వాళ్ళూ అందులో ముంచేశాం. నిన్న తలుపు తియ్యనివాళ్ళవీ అందులోనే ఉన్నాయి.

పదకొండుంపావుకి ముప్పై తొమ్మిది. పదకొండున్నరకి నలభై ఒకటి. బల్లల ముందు చేతులు పనిచేస్తున్నాయి, కళ్ళన్నీ స్తంభం మీదే. గేటు బయట ఆరుగురు పిల్లలు పన్నెండుగురయ్యారు, ఉత్తర్వు కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. పన్నెండుకి అయిదు నిమిషాలుందనగా ఈల సారు పలక పట్టుకుని వచ్చాడు. పెట్టె చూశాడు. బోడిగా ఉన్న మేకులు చూశాడు.

"తువ్వాళ్ళేవి?"

"బకెట్లో ఉన్నాయి సారూ" అన్నాను.

"ఇక్కడ ఆరేసుకోండి."

"ఆరేస్తే ఆరిపోతున్నాయి సారూ. బకెట్లోనే చల్లగా ఉన్నాయి."

"ఆరేయమంటున్నా!" ఈల ఊదాడు. ఈసారి నా కాళ్ళు కదల్లేదు. ఎవరూ కదల్లేదు.

పన్నెండయింది. పెట్టెలో నలభై మూడు.

అప్పుడు ప్రెస్సు చప్పుడు ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే నా చెల్లెలు నిటారుగా నిలబడి ఉంది, చెయ్యి స్విచ్చి మీద ఉంది. "పన్నెండయింది. నలభై దాటింది. ఉత్తర్వు ప్రకారం ఆపేశాను" అంది, షెడ్డంతా వినపడేట్టు. కరిగించే మిషన్ ఆగింది.

ఈల సారు బకెట్లోంచి ఒక తువ్వాలు తీశాడు. నీళ్ళు కారుతున్నాయి. తనే పెట్టె వైపు నడిచాడు. అప్పటిదాకా మేం ఊహిస్తున్నది, ఆయన తన చేతులతో ఒప్పుకున్నాడు. అందరం పెట్టె చుట్టూ చేరాం. ఒకరి భుజం ఒకరికి ఆనించి నిలబడ్డాం.

"జరగండమ్మా."

"పెట్టెకి కాదు సారూ" అన్నాను. "మీ మెడకి చుట్టుకోండి. మీకూ వేడిగానే ఉంది."

ఆయన చెంపల మీంచి చెమట ధార కడుతోంది. "నాకూ పిల్లలున్నారమ్మా" అన్నాడు, నాకొక్కదానికే వినపడేట్టు.

"పెద్దాయనకీ ఉన్నారు."

చెయ్యి కిందికి దించాడు. మేనేజరు గది అద్దం వెనక ఫోను మాట్లాడుతున్నాడు. చల్లటి గది అది. పిల్లలు పొద్దునే కబురు చేసిన తనిఖీ అధికారి రాలేదు. పావుగంటలో పోలీసు వ్యాను మాత్రం వచ్చింది. వ్యాను కోసం తెరిచిన గేటులోంచి పిల్లలూ లోపలికొచ్చారు, నా కూతురు పరిగెత్తుకొచ్చి పెట్టె ముందు నిలబడింది.

"పని ఆపడానికి మీరెవరు?" అన్నాడు పోలీసు.

"మేం ఆపలేదు సార్. ఉత్తర్వు ఆపింది. అంకె మీరే చూడండి" అంది.

ఆయన చూడలేదు. చూస్తే రాసుకోవాలి. బయటివాళ్ళు చొరబడ్డారని నా కూతుర్నీ, కళ్ళద్దాల కుర్రాణ్ణీ, మిషన్ ఆపి నష్టం చేసిందని నా చెల్లెల్నీ పట్టుకున్నారు. ఆఖరికి స్క్రూలు విప్పి జ్వరప్పెట్టెని కూడా పట్టుకున్నారు. నా మేకులతో సహా వ్యాను ఎక్కించారు. మేం వ్యాను చుట్టూ మూగి అరుస్తుంటే చెల్లెలు కిటికీలోంచి, "అక్కా, ఇందులో ఫ్యాను తిరుగుతోందే!" అంది. ఏడుస్తూనే నవ్వాం.

వ్యాను కదిలింది. నా కూతురు ఊచల్లోంచి మొహం పెట్టి అరిచింది. "అమ్మా! పన్నెండున్నరది రాయి! మర్చిపోకు!"

ఉన్న ఇద్దర్నీ తీసుకుపోయారు. ఇంటికి పోయి ఎవరి మొహం చూడాలి? "లోపలికి రండి, పెట్టె రిపేరుకి పోయింది, అంకె లేదు, పని మొదలుపెట్టండి" అని మేనేజరు గుమ్మంలోంచి కేకేశాడు. కొందరి చూపులు నేలకి దిగాయి.

నేను లోపలికి వెళ్ళాను. వెళ్ళటం చూసి మేనేజరు తలాడించాడు. నా బల్ల కింద చెయ్యి పెట్టి, కట్టు విప్పి, ఆ బజారు థర్మామీటరులో అంకె చూసి, దాన్ని తీసుకుని బయటికొచ్చాను. పన్నెండున్నర. నలభై నాలుగు. గేటు పక్కన ఇటుక ముక్క దొరికింది. "భూమిని కాపాడుదాం" కింద తెల్లటి గోడ ఖాళీగా ఉంది. రాశాను. నా చేతిరాత వంకర. అందుకని పెద్దగా రాశాను.

రోడ్డుకి అవతల అట్టపెట్టెల షెడ్డు. దాని పక్కన గాజు షెడ్డు. వాటి గేట్ల దగ్గర ఆడవాళ్ళు గుంపుగా నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. గాజు షెడ్డు నుంచి ఒకావిడ రోడ్డు దాటి వచ్చింది, మెడలో తడి తువ్వాలు.

"మాకూ పెట్టె ఉందక్కా. ఎప్పుడూ ముప్పై ఏడే" అంది.

"తువ్వాళ్ళెక్కడ ఆరేస్తారు?" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి పరుగెత్తింది. కాసేపటికి గాజు షెడ్డు లోపల ఈల మోగింది. మళ్ళీ మోగింది. ఆపకుండా మోగుతూనే ఉంది. దాని వెనకే మిషన్ల చప్పుడు ఒక్కొక్కటిగా తగ్గుతూ వచ్చింది.

నేను అక్కడినుంచి కదల్లేదు. పన్నెండుగురిలో మిగిలిన పిల్లలు నా పక్కన కూచున్నారు, మా వాళ్ళు వాళ్ళ పక్కన కూచున్నారు. ఎండ గోడ దాటి మా మీదికి వస్తోంది. ఈ ఏడు అసలు ఎండలు ఇంకా రాలేదు. ఒంటిగంటకి రేకుల కింద పట్టుకుని మళ్ళీ చూశాను. నలభై అయిదు. పాత అంకె చెరపకుండా దాని కిందే రాశాను.